మా నెత్తిమీద వెయ్యి టన్నుల నీళ్లు: పాత ట్యాంకును మార్చాలని కోరుతూ బహిరంగ లేఖ

రాష్ట్ర పురపాలక, ప్రజారోగ్య ఇంజనీరింగ్ అధికారులకు,
మా పురపాలక కమిషనర్ గారికి, పాలకవర్గ సభ్యులకు,

విషయం: శిథిలావస్థకు చేరిన ఓవర్‌హెడ్ తాగునీటి ట్యాంకు పటుత్వాన్ని పరీక్షించి, భూకంప ప్రమాణాలకు తగినట్టు కొత్తది నిర్మించడం గురించి.

అయ్యా, అమ్మా,

నమస్కారాలు. నేను గోదావరి లోయలోని ఒక పురపాలక పట్టణంలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా వీధి చివర ఉన్న నీళ్ల ట్యాంకు గురించి మా కాలనీవాసులం ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మొదటిసారి పరిశీలిస్తామన్నారు. రెండోసారి పెట్టిన తరువాత ట్యాంకుకు సిమెంటు పూసి రంగులు వేశారు. మూడోదానికి జవాబే రాలేదు. సమాచార హక్కు చట్టం కింద ట్యాంకు నిర్మాణ డ్రాయింగులు, చివరిసారి చేసిన పటుత్వ పరీక్ష నివేదిక అడిగితే, సంబంధిత రికార్డులు కార్యాలయంలో లభ్యం కాలేదని ఒక్క వాక్యంలో రాసి పంపారు. వేరే దారి లేక ఈ విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాం.

పట్టణం పేరు ఇక్కడ కావాలనే రాయలేదు. వార్డు, వీధి, ట్యాంకు ఉన్న స్థలం అన్నీ మా అర్జీల్లో ఉన్నాయి, ఆ అర్జీలు మీ దగ్గరే ఉన్నాయి. ఏ ఒక్క ఉద్యోగినో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. డెబ్బైలు, ఎనభైల్లో కట్టిన ఇలాంటి ట్యాంకులు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో ఉన్నాయి, వాటి కింద మాలాంటివాళ్లే ఉన్నారు.

మేము కళ్లతో చూసినది ముందు చెబుతాను.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసరాల్లో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హైదరాబాదులోనూ, విజయవాడలోనూ జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు. ఆ సమయానికి మా ట్యాంకు నిండుగా ఉంది. నేను వాకిట్లో నిలబడి చూస్తుండగానే, నిండు బిందెను ఎత్తుకొని నడుస్తుంటే నీళ్లు తొణికినట్టు, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీళ్లు ఆగి ఆగి చిమ్మాయి. భూమి కదలడం ఆగిపోయిన తరువాత కూడా పైన నీళ్లు కదులుతూనే ఉన్నాయి. ఆ తరువాత తూర్పు వైపు కాలమ్ (ట్యాంకును మోసే స్తంభం) నుంచి చేటంత పెచ్చు ఒకటి ఊడి, పక్కనే ఉన్న అంగన్‌వాడీ కేంద్రం ప్రహరీ గోడకు ఆనుకొని పడింది. పిల్లలు వచ్చే వేళ ఇంకా కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పెచ్చును ఇంటికి తెచ్చుకొని సుత్తితో పగలగొట్టి, తాజాగా విరిగిన వైపు ఫినాఫ్తలీన్ చుక్కలు వేశాను. ఎన్నో ఏళ్లు తరగతి గదిలో పిల్లలకు చూపించిన ప్రయోగమే ఇది. మంచి కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది కనుక చుక్క పడగానే గులాబీ రంగు రావాలి. ఆ క్షారగుణమే లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చొరబడితే ఆ గుణం పోతుంది. నేను తెచ్చిన ముక్కలో బయటి అంచు నుంచి ఇనుప కడ్డీ అచ్చు పడిన లోపలి ముఖం దాకా ఎక్కడా రంగు రాలేదు. ఒక్క పెచ్చును చూసి ట్యాంకు మొత్తానికి తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు. అయితే పూర్తి పరీక్ష చేయించడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

పెచ్చు ఊడిన చోట కడ్డీలు బయటపడ్డాయి. వేలితో తాకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. నిలువు కడ్డీలను పట్టి ఉంచే రింగు ఒకచోట పూర్తిగా తెగిపోయి ఉంది. దాని పైనున్న రింగు కొసను లోపలికి మడవకుండా లంబకోణంలో వంచి వదిలేశారు. భూకంప ప్రాంతాల్లో రింగుల కొసలను 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి దిగేలా పెట్టాలని చెప్పే ఐఎస్ (భారతీయ ప్రమాణం) 13920 1993లో వచ్చింది. ఈ ట్యాంకు అంతకు చాలా ముందే కట్టారు కాబట్టి ఆనాటి ఇంజనీర్లను గాని, మేస్త్రీలను గాని తప్పుపట్టలేం. వాళ్లు తమకు తెలిసినంతలో బాగానే కట్టారు, యాభై ఏళ్లుగా మూడు తరాలకు నీళ్లు ఇచ్చిన ట్యాంకు అది. కాని ఆ రింగు ఈరోజు సిమెంటు పూత కింద, నీలం రంగు కింద ఉంది. బయటికి కనబడడం లేదు కనుక బాగుపడిందని ఎవరైనా అనుకుంటున్నారేమోనన్నదే మా భయం.

ఓవర్‌హెడ్ ట్యాంకును మామూలు భవనంతో సమానంగా చూడకూడదు. భవనంలో బరువు అంతస్తులవారీగా పంచుకొని ఉంటుంది. ట్యాంకులో బరువంతా నడినెత్తిన ఉంటుంది, దాన్ని మోసేవి కింద నాలుగో, ఆరో, ఎనిమిదో సన్నటి కాళ్లు. మా ట్యాంకు పది లక్షల లీటర్లది. అంటే నిండినప్పుడు ఒక్క నీళ్ల బరువే వెయ్యి టన్నులు. భూమి పక్కకు జరిగినప్పుడు లోపలి నీళ్లలో అడుగు భాగం గోడలతో పాటే కదిలి వాటిని నెడుతుంది, పైభాగం అలలాగా విడిగా ఊగుతుంది. పాత లెక్కల్లో నీటినంతా ఒకే ముద్దగా భావించి బలాన్ని గణించేవారు. ఈ రెండు కదలికలనూ విడివిడిగా లెక్కగట్టమని చెప్పే ఐఎస్ 1893 రెండో భాగం, నీటి ట్యాంకుల కోసమే ప్రత్యేకంగా, 2014లో వచ్చింది. తాగునీటి ట్యాంకును సాధారణ ఇంటికంటే ఒకటిన్నర రెట్ల ప్రాముఖ్యంతో డిజైన్ చేయాలని అదే చెబుతోంది. భూకంపం తరువాత కూడా నిలిచి పనిచేయాల్సిన కట్టడం కాబట్టి ఆ నియమం పెట్టారు. ట్యాంకులను మోసే స్టేజింగు, అంటే కింది కాళ్ల కట్టడం కోసం ఐఎస్ 11682 వచ్చింది 1985లో. నీటిని నిలిపే కాంక్రీటు కనీసం ఎం30 (కాంక్రీటు బలాన్ని చెప్పే కొలత) శ్రేణిది కావాలని ఐఎస్ 3370ను సవరించింది 2009లో. మా ట్యాంకు వయసు ఈ ప్రమాణాలన్నిటికంటే పెద్దది. వీటిలో ఏ ఒక్కదానితోనైనా దాన్ని సరిపోల్చి చూసినట్టు మీ రికార్డుల్లో ఒక్క కాగితం కూడా లేదు.

మన దగ్గర పెద్ద భూకంపాలు రావు కదా అని అర్జీ ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అన్నారు. ఆ మాటను మర్యాదగానే కాదనవలసి వస్తోంది.

గోదావరి లోయ భూగర్భంలో పగుళ్లున్న ప్రాంతం. సింగరేణి బొగ్గు పొరలు ఏర్పడింది కూడా అలా కుంగిన నేలలోనే. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. భద్రాచలం, ఖమ్మం, విజయవాడ, ఒంగోలు ప్రాంతాలను 2002 నాటి జాతీయ భూకంప పటంలో (అందులో జోన్ అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ) మూడో జోన్‌లో చూపించారు. మా పెద్దవాళ్లు 1969ని ఇప్పటికీ తలచుకుంటారు. రాత్రంతా ఆరుబయట పడుకున్నామని మా అత్తయ్య చెబుతూ ఉండేది. ఆనాడు ఊళ్లో పెంకుటిళ్లు, బావులు ఉండేవి. ఒక బావి పూడినా పక్క బావి ఉండేది. ఈనాడు ఆ బావులు లేవు, పట్టణమంతా రెండు మూడు ట్యాంకుల మీద ఆధారపడి ఉంది. మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి అయి ఎంత దూరం నుంచి వచ్చినా, మా వార్డులో చివరికి అవి ఎక్కేది ఈ పాత ట్యాంకులోకే.

జోన్ చూసి ధైర్యపడినవాళ్లకు ఏమయిందో మహారాష్ట్రలోని కిల్లారి చెబుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి వేలమంది నిద్రలోనే చనిపోయిన ఆ లాతూరు ప్రాంతం అప్పటి పటంలో అతి తక్కువ ప్రమాదమున్న మొదటి జోన్‌లో ఉంది. తరువాత ఆ మొదటి జోన్‌నే పటంలోంచి తీసేశారు. 2024లో ట్యాంకు తట్టుకుంది కదా అనే మాటలోనూ బలం లేదు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. 5.3ను తట్టుకోవడం 6.3కు హామీపత్రం కాదు. పైగా మొన్నటిదానికే పెచ్చు రాలింది.

ట్యాంకులు భూకంపాల్లో ఎలా దెబ్బతింటాయో మన దేశమే చూసింది. 2001 జనవరి 26న కచ్ఛ్ భూకంపంలో కేంద్రానికి వంద కిలోమీటర్ల దూరం దాకా ఓవర్‌హెడ్ ట్యాంకులు దెబ్బతిన్నాయి. ఒకే గుండ్రటి కాంక్రీటు గొట్టం మీద నిలిపిన ట్యాంకులకు అడుగు భాగంలో చుట్టూ పగుళ్లు వచ్చాయి, కొన్ని పూర్తిగా కూలిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు జబల్‌పూర్ భూకంపంలోనూ ఇలాంటి పగుళ్లే కనబడ్డాయి. ఆ అనుభవంతోనే ఐఐటీ కాన్పూర్ నిపుణులు గుజరాత్ ప్రభుత్వ సంస్థ కోసం ట్యాంకుల డిజైను మార్గదర్శకాలు రాశారు. అంటే ఏం చేయాలో తెలియని స్థితి లేదు, ఆ విద్య మన దగ్గరే ఉంది.

ట్యాంకు పోతే ఎవరికి ఏమవుతుందో ఇప్పుడు వరుసగా రాస్తున్నాను. భూకంపం రావలసిన పని లేకుండానే అనుభవిస్తున్నవి కూడా ఇందులో ఉన్నాయి.

1. ట్యాంకు కాళ్ల మధ్య నీడ ఉంటుంది. ఆ నీడలో ఉదయం ఇడ్లీ బండి, మధ్యాహ్నం ఆటో స్టాండు, ఆదివారం కూరగాయల సంత నడుస్తాయి. ఇరవై అడుగుల దూరంలో అంగన్‌వాడీ కేంద్రం ఉంది. వెయ్యి టన్నులు కూలినప్పుడు ఇరవై అడుగులు ఒక దూరమే కాదు. ఆ కేంద్రాన్ని వేరే భవనంలోకి మార్చమని మా అర్జీల్లో రాశాం. పిల్లలు ఈరోజూ అక్కడికే వెళుతున్నారు.

2. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది పట్టణ నీటి సరఫరా ప్రమాణం. ఆ లెక్కన ఈ ఒక్క ట్యాంకు దాదాపు 7,400 మందికి ఒక రోజు నీళ్లు. అది పోయిన రోజు నుంచి వాళ్లందరూ ట్యాంకర్ల వెంట పరుగెత్తాలి. ట్యాంకర్ దగ్గర క్యూలో నిలబడేది ఎవరో మీరూ చూసే ఉంటారు. ఆడవాళ్లు, బడి ఎగ్గొట్టిన ఆడపిల్లలు, ముసలివాళ్లు నిలబడతారు. రోజు కూలికి వెళ్లే మనిషి నీళ్ల కోసం పూట పోగొట్టుకుంటే ఆ పూట కూలి పోయినట్టే. మోటారు, బోరు ఉన్న ఇళ్లు ఎలాగో గట్టెక్కుతాయి. అద్దె గదుల్లో ఉండే కుటుంబాలకు వీధి కుళాయి తప్ప దిక్కు లేదు.

3. మా ప్రాంతీయ ఆసుపత్రికి ఈ ట్యాంకు నీళ్లే వెళతాయి. ఒక మనిషికి నాలుగు గంటల డయాలసిస్ చేయాలంటే శుద్ధి చేసిన నీళ్లే దాదాపు 120 లీటర్లు కావాలి, ఆ శుద్ధిలో వృథా అయ్యేది అదనం. కాన్పుల గది, ఆపరేషను గది, రక్తం కడిగే నేల, వీటిలో ఏదీ నీళ్లు వచ్చేదాకా ఆగదు. గాయపడినవాళ్లు వందల్లో వచ్చే రోజే కుళాయి ఎండిపోతే డాక్టర్లు మాత్రం ఏం చేయగలరు?

4. భూకంపం వెనకే మంటలు వస్తాయి. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నీటి గొట్టాలు పగిలిపోయి, ఆర్పడానికి నీళ్లు లేక మూడు రోజులకు పైగా నగరం తగలబడింది. 1995లో జపాన్‌లోని కోబేలోనూ మంటల ముందు సిబ్బంది ఉత్త గొట్టాలు పట్టుకొని నిలబడవలసి వచ్చింది, నీటి సరఫరా పూర్తిగా కుదుటపడడానికి రెండు నెలలకు పైగా పట్టింది. మా పట్టణంలో అగ్నిమాపక శకటం నీళ్లు పట్టుకునేది ఈ ట్యాంకు కింది వాల్వు దగ్గరే. గ్యాస్ సిలిండర్లు ఉన్న ఇరుకు సందులకు అది వట్టి బండిగా వచ్చి ఏం లాభం?

5. లైన్లలో ఒత్తిడి పడిపోతే పగిలిన జాయింట్లలోంచి మురుగు లోపలికి లాగుకుంటుంది. తరువాత వచ్చేవి వాంతులు, విరేచనాలు. వాటికి మొదట బలయ్యేది ఐదేళ్లలోపు పిల్లలే.

6. ఇది ఇప్పటికే జరుగుతున్న నష్టం. కారుతోందన్న భయంతో ట్యాంకును కొంతకాలంగా సగానికి మించి నింపడం లేదని వాల్వు తిప్పే సిబ్బందే మాతో చెప్పారు. ఆ పని తప్పని మేము అనడం లేదు, నిజానికి అది వాళ్ల జాగ్రత్త. కాని దాని ఫలితంగా ఎత్తులో ఉన్న చివరి రెండు వీధులకు రోజు విడిచి రోజు, అది కూడా సన్నటి ధారగా నీళ్లు వస్తున్నాయి. ట్యాంకు బలహీనంగా ఉందని కింది ఉద్యోగులు గుర్తించి పనిలో అమలు చేస్తున్నారు, కాగితం మీద మాత్రం అది బాగానే ఉంది. ఈ రెండింటిలో ఏది నిజమో మాకు రాతపూర్వకంగా చెప్పండి.

పాతదన్న కారణంతో దేన్నయినా పడగొట్టాలని మేము అడగడం లేదు. ముంబైలో 1880ల నాటి మలబార్ హిల్ జలాశయాన్ని పడగొట్టి కొత్తది కట్టాలని పాలక సంస్థ తలపెట్టినప్పుడు అక్కడి పౌరులు ప్రశ్నించారు. నిపుణులు లోపలికి దిగి చూసిన తరువాత మరమ్మతులు చాలన్న అభిప్రాయం బలపడి, కొత్త నిర్మాణం ఆలోచన ఆగింది. పరీక్ష చేస్తే ఖర్చు తగ్గే అవకాశం కూడా ఉంటుందని చెప్పడానికే ఈ ఉదాహరణ. మా ట్యాంకుకు కాలమ్ జాకెటింగు (పాత స్తంభం చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేయడం) చాలునని నిపుణులు లెక్కలతో చూపిస్తే మేము సంతోషంగా ఒప్పుకుంటాం. నా అంచనా మాత్రం వేరు. రింగులే తెగిన కాళ్లను, క్లోరిన్ ఆవిరికి లోపలి వైపు పెచ్చులు లేచిన పైకప్పును అతుకులు వేసి నిలబెట్టే ఖర్చు కొత్తదాని ఖర్చుకు దగ్గరగా వస్తుంది, భరోసా మాత్రం అందులో సగం కూడా రాదు.

కొత్తది కట్టాలని తేలిన చోట ఎలా కట్టారో అమెరికాలోని పోర్ట్‌లాండ్ చూపిస్తుంది. అక్కడి వాషింగ్టన్ పార్కులో 1894లో కట్టిన జలాశయాలకు రెండు సమస్యలు ఉండేవి. కొండవాలు మెల్లగా జారుతూ గోడలను పగలగొట్టేది, వాటి కట్టుబడి పెద్ద భూకంపాన్ని తట్టుకునేది కాదు. ఆ స్థానంలో దాదాపు 4.7 కోట్ల లీటర్ల కొత్త జలాశయాన్ని నేల లోపల నిర్మించారు. జారే వాలుకూ జలాశయం గోడకూ మధ్య, వాలు నెట్టినా నలిగి సర్దుకునే మెత్తటి పొర పెట్టారు. ఆ తీరంలో చివరి మహా భూకంపం వచ్చింది 1700లో. మూడు వందల ఏళ్లు దాటినా రాలేదు కదా అని వాళ్లు ఊరుకోలేదు. మన లోయలో 1969కీ 2024కీ మధ్య గడిచింది 55 ఏళ్లే.

ఖర్చు సంగతి మాకు తెలియనిది కాదు. పురపాలక సంఘాలకు జీతాలకే కటకటగా ఉండే నెలలుంటాయి. అయితే పట్టణాల తాగునీరు, మురుగునీటి పనుల కోసం 2021లో కేంద్రం మొదలుపెట్టిన అమృత్ 2.0 వంటి పథకాలు వచ్చాయి, ఆర్థిక సంఘం గ్రాంట్లలో తాగునీటికి ప్రత్యేకించిన వాటా ఉంటుంది. పటుత్వ నివేదిక లేకుండా ప్రతిపాదన తయారు కాదు, ప్రతిపాదన లేకుండా నిధి రాదు. అందుకే మా మొదటి కోరిక పరీక్ష. దాని ఖర్చు ఆ ట్యాంకుకు వేసిన రంగుల ఖర్చుతో పోల్చదగినంతలోనే ఉంటుందని మా నమ్మకం.

మా డిమాండ్లు ఇవి.

1. అరవై రోజుల్లో స్వతంత్ర నిపుణులతో ట్యాంకు పటుత్వాన్ని పరీక్షించాలి. వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాదు ఐఐటీ, భూకంప ఇంజనీరింగు పరిశోధన కేంద్రమున్న హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మనకు దగ్గరలోనే ఉన్నాయి. కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చూపే రీబౌండ్ హామర్‌తో కొట్టి చూసి సంతకం పెట్టడం సరిపోదు. కోర్ శాంపిళ్లు (లోపలి కాంక్రీటు ముక్కలు) కోసి తీయాలి, అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి, కడ్డీల తుప్పు కొలవాలి, పునాది మట్టి చూడాలి, ఐఎస్ 1893 రెండో భాగం ప్రకారం లెక్క కట్టాలి. కొత్తగా పూసిన సిమెంటును పరీక్ష చేసే చోట్ల తప్పనిసరిగా తొలగించాలి. నివేదికను తెలుగులో వార్డు కార్యాలయం గోడకు అంటించాలి.

2. నివేదిక వచ్చేదాకా ఎంత మట్టం వరకు నింపవచ్చో ఇంజనీరు సంతకంతో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ భారం వాల్వు తిప్పే మనిషి మీద వేయకూడదు. తగ్గిన నీటికి బదులుగా చివరి వీధులకు వేళ చెప్పి ట్యాంకరు పంపాలి. అంగన్‌వాడీని ఈ నెలలోనే మార్చాలి. సంతకు, ఆటో స్టాండుకు స్థలం చూపించాలి. ఇడ్లీ బండి ఆమెను ఉత్త చేతులతో పంపేయకండి, ఆమెకు కూడా ఒక చోటు చూపించండి.

3. కొత్త ట్యాంకు కట్టాలని తేలితే నేటి ప్రమాణాలన్నీ టెండరులోనే రాయాలి. కాలమ్‌లు, బ్రేసుల (స్తంభాలను కలిపే అడ్డ దూలాల) కలయికల దగ్గర రింగులు ఐఎస్ 13920 ప్రకారం ఉండాలి. ట్యాంకుకూ నేలలోని లైనుకూ మధ్య కదలికను తట్టుకునే ఫ్లెక్సిబుల్ జాయింట్లు పెట్టాలి. లైను తెగితే దానంతటదే మూసుకునే వాల్వు ఉండాలి, అప్పుడు ట్యాంకులోని నీళ్లు వీధి పాలు కాకుండా మిగులుతాయి. కోబేలో అలాంటి వాల్వులున్న జలాశయాల్లో నీళ్లు నిలిచాయి. ట్యాంకును రెండు గదులుగా కడితే ఒకటి కడిగేటప్పుడు రెండోదాని నుంచి నీళ్లు ఇవ్వవచ్చు. డిజైనును కాంట్రాక్టరుతో సంబంధం లేని సంస్థ సరిచూడాలి. కాంక్రీటు పోసే ముందు ప్రతి దశలోనూ కడ్డీల ఫొటోలు తీసి ఉంచాలి. పూత వేశాక లోపల ఏముందో ఎవరికీ తెలియదన్న పాఠం మా పాత ట్యాంకే నేర్పింది.

4. ముందు కొత్తది కట్టాలి, నింపి కారుదల పరీక్ష చేయాలి, లైనుకు కలపాలి, ఆ తరువాతే పాతదాన్ని విప్పాలి. పాతది కూల్చి, కొత్తదానికి బిల్లులు ఆగిపోయి, ఏళ్లపాటు పిల్లర్ల దశలో నిలిచిపోయిన పనులు మేము చూశాం. ఆ గతి మాకు వద్దు. కూల్చివేత కూడా ఇళ్ల మధ్య జరగాల్సిన పని కనుక నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి.

5. రాష్ట్రంలోని పట్టణాల్లో ముప్పై ఏళ్లు దాటిన ఓవర్‌హెడ్ ట్యాంకులు, నేలమట్టపు సంపులు అన్నిటి జాబితాను ప్రకటించాలి. ఏ ఏడు కట్టారు, ఎన్ని లీటర్లు, ఏ జోన్, చివరి పరీక్ష ఎప్పుడు అన్న నాలుగు గడులు చాలు. మూడో జోన్‌లోని పట్టణాలతో, బడులకూ ఆసుపత్రులకూ ఆనుకొని ఉన్న ట్యాంకులతో పరీక్షలు మొదలుపెట్టాలి. డ్రాయింగులు పోయిన చోట కొలతలు తీసి కొత్తగా గీయించి భద్రపరచాలి.

6. ఈ లేఖకు ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వాలి. మీ ఇంజనీరు ఎవరైనా వస్తే మేము పని మానుకొని అయినా సరే వెంట ఉండి చూపిస్తాం. తూర్పు కాలమ్ మీద నేలకు ఆరడుగుల ఎత్తున పూత మళ్లీ చిట్లింది. వానపడిన మర్నాడు ఆ చీలికలోంచి తుప్పు రంగు నీళ్లు కారి నీలం రంగు మీద చారలు కడుతున్నాయి. ఆ చారల పక్కనే పెన్సిలుతో తేదీ, పొడవు రాసి పెడుతున్నాను. నిరుడు చిట్లినప్పుడు చీలిక జానెడు ఉండేది, ఈ వారం కొలిస్తే మూరెడైంది.

ఇట్లు,
ట్యాంకు వీధి, చివరి రెండు వీధుల నివాసుల తరఫున,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు